సోల్డర్ ఫ్లక్స్ మరకలు, డెల్టా తేమ, ఎస్‌ఐఆర్ పరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, నరసాపురం, రాజోలు, అమలాపురం వైపు ఏరేటర్ (చేపల, రొయ్యల చెరువు నీటిలో గాలి కలిపే యంత్రం) ప్యానెళ్లు, మొబైల్ స్టార్టర్లు (ఫోన్‌తో మోటారు నడిపేవి), ఇన్వర్టర్ బోర్డులు తయారుచేసేవాళ్లు, బాగుచేసేవాళ్లు టంకం ఫ్లక్స్ మరకల గురించి పదే పదే అడిగే ప్రశ్నలివి. పరీక్షల ప్రమాణాలు ఎక్కడో ఏసీ గదుల్లో కూర్చుని రాసినవి. బోర్డు ఉండేది మాత్రం చెరువు గట్టు మీద, రేకుల షెడ్డులో. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా గురించే ఇక్కడి జవాబులన్నీ.

టంకం వేశాక బోర్డు మీద మిగిలే ఆ మరకలో అసలు ఏముంటుంది?

ఫ్లక్స్ పని లోహం మీది తుప్పు పొరను తినేసి టంకం పట్టేలా చేయడం. దానికోసం అందులో ఆమ్లాలు కలుపుతారు. ఈ రోజుల్లో ఎక్కువగా వాడే నో-క్లీన్ (టంకం తర్వాత కడగక్కర్లేదనే రకం) ఫ్లక్స్‌లలో అడిపిక్, సక్సినిక్, గ్లుటారిక్ లాంటి బలహీనమైన సేంద్రియ ఆమ్లాలుంటాయి. వాటికి తోడు రోజిన్ (పైన్ చెట్టు జిగురు) గానీ కృత్రిమ రెజిన్ గానీ, వీటన్నిటినీ కరిగించి ఉంచే ద్రావకం.

సరిపడా వేడి తగిలితే ద్రావకం ఎగిరిపోతుంది, ఆమ్లంలో చాలాభాగం ఖర్చయిపోతుంది, మిగిలిన కాస్తా రోజిన్ గడ్డకట్టినప్పుడు లోపల చిక్కుకుపోతుంది. "కడగక్కర్లేదు" అన్న మాట నిజమయ్యేది అప్పుడే. చేత్తో టంకం వేసేటప్పుడు జరిగేది వేరు. సిరంజితో పెట్టిన ఫ్లక్స్ ఐసీ కిందికి, పక్క కాళ్ల మధ్యకు పాకుతుంది. ఐరన్ మొన వేడి మాత్రం ఒక్క కాలికే తగులుతుంది. వేడి తగలని ఆ పక్క ఫ్లక్స్ పచ్చిగానే ఉండిపోతుంది. రిపేరైన బోర్డుల్లో నాకు ఎక్కువ అనుమానం ఎప్పుడూ ఆ పచ్చి ఫ్లక్స్ మీదే. మెరిసే పసుపు మరక చూసి భయపడతారు గానీ, అది గట్టిగా గాజులా ఉంటే పెద్దగా హాని చేయదు. వేలికి జిగురుగా అంటుకునేదే ప్రమాదం.

షాపులో మీటరు పెడితే లీకేజీ లేదు. చెరువు దగ్గరికి వెళ్లాక మొరాయిస్తుంది. ఎందుకు?

పొడిగా ఉన్నప్పుడు ఆ ఆమ్లపు పొడి కరెంటును పోనివ్వదు. అది అయాన్లుగా విడిపోవాలంటే నీళ్లు కావాలి, ఆ నీళ్లు గాలిలోంచే వస్తాయి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లడం అందరూ చూసేదే. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీరు లాగి కరగడం మొదలుపెడుతుంది. ఒక్కో పదార్థానికి అలాంటి గీత ఒకటుంటుంది. అడిపిక్, సక్సినిక్ ఆమ్లాలు తేమ దాదాపు నూరు శాతానికి చేరేదాకా పొడిగానే ఉంటాయి. గ్లుటారిక్ ఆమ్లం అంతకంటే చాలా ముందే నీరు పట్టేస్తుంది. పైగా వేడి పెరిగేకొద్దీ ఈ ఆమ్లాల గీత కిందికి దిగుతుంది. కాబట్టి "తక్కువ ఆమ్లం" అని రాసి ఉన్నంత మాత్రాన చాలదు, ఏ ఆమ్లం అన్నది కూడా చూడాలి.

మన దగ్గర ఇంకో సంగతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. దాని గీత 33 శాతం దగ్గరే. అంటే డెల్టాలో ఉప్పుగాలి తగిలిన బోర్డు ఏడాదిలో చాలాభాగం పూర్తిగా పొడిగా ఉండే అవకాశమే లేదు. రెండు చక్రాల ఏరేటర్ తుంపర అందే దూరంలో ప్యానెల్ పెట్టారంటే సముద్రం పక్కన పెట్టినట్టే.

అన్నట్టు, కొందరు లీకేజీ చూడ్డానికి మోటారు చుట్టకు పెట్టినట్టే బోర్డుకూ 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడుతున్నారు. ఐసీలు పోతాయి, వద్దు.

లీకేజీ వేరు, షార్ట్ వేరు కదా. ఫ్లక్స్ మరక షార్ట్ ఎలా చేస్తుంది?

మూడు కలవాలి: తేమ పొర, అయాన్లు, రెండు కాళ్ల మధ్య వోల్టేజీ. ప్లస్ వైపు కాలి లోహం కొద్దికొద్దిగా కరిగి అయాన్లుగా మైనస్ వైపు వెళ్తుంది. అక్కడ మళ్లీ లోహంగా పేరుకుంటూ చెట్టు కొమ్మల్లా ప్లస్ వైపు పెరుగుతుంది. దీన్నే డెండ్రైట్ అంటారు. తగరం, సీసం, రాగి, వెండి అన్నీ ఈ పని చేస్తాయి, వెండి మరీ తొందరగా. 3.3 వోల్టులు కూడా దీనికి చాలు.

డెండ్రైట్ వెంట్రుక కంటే సన్నగా ఉంటుంది. అది అవతలి కాలిని తాకగానే కరెంటు పారి చాలాసార్లు అదే కాలిపోతుంది. బోర్డు ఒక్క క్షణం రీసెట్ అయి మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. "రాత్రి దానంతట అదే ఆగిందండీ, పొద్దున చూస్తే బాగానే ఉంది" అని రైతు చెప్పే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ పెట్టి, పక్కనుంచి టార్చి వేసి చూస్తే కాళ్ల మధ్య నల్లటి నూగు గానీ, ప్లస్ కాలి దగ్గర ఆకుపచ్చ చెమ్మ గానీ కనిపిస్తుంది. నేరుగా పైనుంచి వెలుతురు వేస్తే మాత్రం ఏమీ కనపడదు.

ఎస్‌ఐఆర్ పరీక్ష అంటే ఏమిటి?

సర్ఫేస్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్, అంటే బోర్డు ఉపరితలం మీద ఇన్సులేషన్ ఎంత నిలబడుతుందో కొలిచే పరీక్ష. రెండు దువ్వెనలు పళ్లలో పళ్లు పెట్టి, ఒకదానికొకటి తాకకుండా ఉంచినట్టు రాగి గీతలుంటాయి. ఎలక్ట్రానిక్స్ ప్రమాణాల సంస్థ ఐపీసీ పెట్టిన ఐపీసీ-బి-24 అనే నమూనా బోర్డులో గీత వెడల్పు 0.4 మి.మీ., ఎడం 0.5 మి.మీ. దానిమీద ఫ్లక్స్ పట్టించి, టంకం వేసి, తేమ ఛాంబర్లో పెట్టి, గీతల మధ్య వోల్టేజీ ఇచ్చి నిరోధం కొలుస్తారు.

2008లో వచ్చిన ఫ్లక్స్‌ల ప్రమాణం జె-ఎస్టీడీ-004బి ప్రకారమైతే 40 డిగ్రీలు, 90 శాతం తేమ, 168 గంటలు, అంటే సరిగ్గా వారం. వోల్టేజీ మిల్లీమీటరుకు 25 చొప్పున, అంటే ఈ ఎడానికి పన్నెండున్నర దాకా. నిరోధం 100 మెగాఓమ్‌ల కంటే పైన ఉండాలి. డెండ్రైట్ పెరిగినా ఎడంలో 20 శాతం కంటే ఎక్కువ తినకూడదు. రీడింగ్ కనీసం 20 నిమిషాలకొకటి తీయాలి.

ఆ 20 నిమిషాల నియమం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. పాత పద్ధతిలో వారంలో మూడు నాలుగు సార్లే కొలిచేవారు. మధ్యలో డెండ్రైట్ పెరిగి, తాకి, కాలిపోయినా రికార్డులోకి ఎక్కేది కాదు.

పాత పరీక్ష 85 డిగ్రీలు, 85 శాతం తేమ. కొత్తది 40 డిగ్రీలే. పరీక్ష తేలిక చేశారా?

అందరికీ వచ్చే అనుమానమే. వేడి ఎక్కువైతే పరీక్ష కఠినం అనుకోవడం సహజం. గాలిలో ఉండే నీటి లెక్క తీసినా అలాగే అనిపిస్తుంది. 85/85లో ఘనపు మీటరుకు 300 గ్రాముల దాకా నీటి ఆవిరి ఉంటుంది. 40/90లో 46 గ్రాములే.

కానీ ఫ్లక్స్ విషయంలో ఈ లెక్క తిరగబడుతుంది. నో-క్లీన్ ఫ్లక్స్‌లోని బలహీన ఆమ్లాలు 85 డిగ్రీల దగ్గర వారం రోజులుంటే మెల్లగా ఆవిరైపోతాయి. మనం ఏ పదార్థం చేసే చెడును కొలవాలనుకున్నామో ఆ పదార్థమే ఛాంబర్‌లోంచి జారుకుంటుంది. మూడో రోజుకు నిరోధం పెరుగుతూ పోతుంది, నివేదికలో పాస్ అని వస్తుంది. అదే ఫ్లక్స్ చెరువు షెడ్డులో ఎప్పుడూ 85 డిగ్రీలు చూడదు. మండే రోహిణి కార్తెలో రేకు కింద మూసిన డబ్బాలో కూడా చూడదు. ఆమ్లం అక్కడే ఉంటుంది, ప్రతి రాత్రీ తడుస్తుంది.

రోజిన్ కథ ఇంకొకటి. 70, 80 డిగ్రీల ప్రాంతంలో రోజిన్ మెత్తబడుతుంది. 85 దగ్గర ఆ పొర కదిలి, లోపల బంధించినవి బయటికి రావచ్చు. లేదా పగుళ్లు పూడి మరింత గట్టిగా మూసుకోవచ్చు. రెండూ జరుగుతాయి, ఏది జరుగుతుందనేది ఆ ఫ్లక్స్ తయారీని బట్టి ఉంటుంది. అందుకే హాలైడ్ (క్లోరైడ్, బ్రోమైడ్ లాంటివి) ఉన్న పాత రోజిన్ ఫ్లక్స్‌కు 85/85 కఠినంగా, నో-క్లీన్‌కు అదే సులువుగా అనిపించవచ్చు.

ఇంకా రెండు కొలతలు ప్రచారంలో ఉన్నాయి. టెలికాం వాళ్ల జీఆర్-78 పద్ధతి 35 డిగ్రీలు, 85 శాతం తేమ. డెండ్రైట్ల కోసమే పెట్టిన ఎలక్ట్రోకెమికల్ మైగ్రేషన్ పరీక్ష 65 డిగ్రీలు, 88.5 శాతం తేమ, మొదట 96 గంటలు వోల్టేజీ లేకుండా, ఆపైన 500 గంటలు 10 వోల్టులతో. ఒకే ఫ్లక్స్ వీటిలో ఒకదానిలో గెలిచి ఇంకోదానిలో ఓడిపోతే ఆశ్చర్యపోకండి. నివేదికలో "పాస్" కంటే ముందు చూడాల్సింది ఉష్ణోగ్రత గడి.

మరి మన వాతావరణం ఈ లెక్కల్లో ఎక్కడ ఉంటుంది?

ఆవిరి లెక్కలో అయితే 40/90 కంటే కిందే. 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న ఉక్కపోత రోజున ఘనపు మీటరుకు 27 గ్రాముల నీరు ఉంటుంది. కాబట్టి "మా తేమకు ఏ పరీక్షా చాలదు" అన్న మాట సగమే నిజం. మిగతా సగం పరీక్షలో లేనివాటి వల్ల నిజం.

పరీక్షలో బోర్డు మీద నీటి బొట్టు పడకూడదు. పడితే ఆ రీడింగులు చెల్లవు. ఇక్కడ ధనుర్మాసంలో తెల్లారుగట్ల మంచుకు ప్యానెల్ తలుపు లోపలి వైపు చెయ్యి పెడితే వేళ్లు తడుస్తాయి. పరీక్షలో కరెంటు వారం పాటు ఆగదు. చెరువు మీద ఏరేటర్లు ఎక్కువగా నడిచేది రాత్రి నుంచి తెల్లారేదాకా, నీటిలో ఆక్సిజన్ పడిపోయే వేళ. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. వెచ్చగా ఉన్న బోర్డు చల్లబడి చెమర్చుతుంది, జనరేటర్ వేయగానే ఆ చెమ్మ మీదే వోల్టేజీ వచ్చి పడుతుంది. ఫ్లక్స్ మరకకు ఇంతకంటే చెడ్డ నిమిషం ఉండదు. సిమ్ ఉన్న స్టార్టర్లయితే లోపలి బ్యాటరీ వల్ల కరెంటు పోయినా బోర్డు మీద వోల్టేజీ ఉంటూనే ఉంటుంది.

పరీక్ష బోర్డు మీద ఉప్పు ఉండదు. ఇక్కడ ఉంటుంది. చెరువు అడుగు నల్ల బురద నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండినీ రాగినీ నల్లబరుస్తుంది. అది వేరే రోగం, ఫ్లక్స్ పరీక్షతో బయటపడదు. వెండి పూత బోర్డులు ఇక్కడ వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఏసీ గదిలో టంకం వేసిన బోర్డును బయటికి తీసుకెళ్తే ఏమవుతుంది?

బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే మంచు బిందువు (గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత) 26 డిగ్రీల పైన. 24 డిగ్రీల గదిలోంచి తెచ్చిన బోర్డు దానికంటే చల్లగా ఉంటుంది కాబట్టి బయటికి రాగానే దానిమీద నీరు చేరుతుంది. కవరులో మూసి తీసుకెళ్లి, అరగంట వెచ్చబడనిచ్చి, అప్పుడు విప్పి బిగించండి. బిగించిన వెంటనే ఆన్ చేయమని రైతు తొందరపెడతాడు, ఆ టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే. అయినా ఆగాలి.

ఛాంబర్లో పరీక్ష చేయిస్తున్నాం. ఫలితాలు ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తున్నాయి. తప్పు ఎక్కడ?

చాలావరకు ఫ్లక్స్‌లో కాదు, ఛాంబర్ నడిపే తీరులో. మొదట వేడి పెంచి, బోర్డు వెచ్చబడ్డాకే తేమ పెంచాలి. దించేటప్పుడు ముందు తేమ, తర్వాత వేడి. ఈ వరుస తప్పితే గీతల మీద బొట్లు పడి, మంచి ఫ్లక్స్ కూడా ఫెయిల్ అవుతుంది. బోర్డులు నిలువుగా, గాలి పారే దిశలో ఉండాలి. పైకప్పు నుంచి బొట్టు కారే చోట ఉండకూడదు. ఛాంబర్‌కు పోసే నీరు అయాన్లు తీసేసినదై ఉండాలి. బోరు నీళ్లు పోస్తే, మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే.

ఖాళీ బోర్డు, అంటే ఫ్లక్స్ పెట్టని దువ్వెన ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి. అదీ పడిపోయిందంటే తప్పు ఫ్లక్స్‌ది కాదు. చేతి చెమటలో ఉప్పుంటుంది కాబట్టి గ్లవ్స్ లేకుండా గీతలు ముట్టుకుంటే మీ వేలిముద్రనే మీరు పరీక్షిస్తున్నట్టు. గుడ్డ పోగు ఒక్కటి గీతల మధ్య పడినా అది నీరు పట్టి దారి వేస్తుంది. కొబ్బరి పీచు యూనిట్ల చుట్టుపక్కల పనిచేసేవాళ్లు దీన్ని మరీ గమనించాలి.

డబ్బా మీద ఆర్‌ఓఎల్‌0 అని ఉంది. చాలదా?

ఆర్‌ఓ అంటే రోజిన్, ఎల్ అంటే చురుకుదనం తక్కువ, 0 అంటే హాలైడ్ దాదాపు లేదని. మంచి మొదలే. కానీ ఆ ముద్ర పడ్డది తయారీదారు చెప్పినట్టు వేడి చేసిన ఫ్లక్స్‌కు. పచ్చిగా మిగిలినదానికి ఆ ముద్ర వర్తించదు. మొబైల్ షాపుల్లో దొరికే పేరు లేని డబ్బాల్లో అసలు ఏముందో ముద్రను బట్టి నమ్మలేం.

రోజ్ పరీక్షలో 1.56 కంటే తక్కువ వస్తే బోర్డు శుభ్రమే కదా?

రోజ్ అంటే బోర్డు మీది అయాన్లను ద్రావకంలోకి కరిగించి మొత్తంగా కొలిచే పరీక్ష. చదరపు సెంటీమీటరుకు 1.56 మైక్రోగ్రాముల ఉప్పుకు సమానం అన్న ఆ అంకె పాత రోజిన్ ఫ్లక్స్‌ల కాలం నాటిది. అదొక్కటే చూపించి బోర్డు పాస్ అనడానికి 2018లో టంకం పనుల ప్రమాణం జె-ఎస్టీడీ-001 సవరణ స్వస్తి చెప్పింది. రోజ్ బోర్డు మొత్తానికి సగటు తీస్తుంది. ఒక ఐసీ కింద చిక్కుకున్న ఆమ్లం ఆ సగటులో మునిగిపోతుంది. రోజూ ఒకే లైన్ మీద తేడా పట్టడానికి పనికొస్తుంది, అంతవరకే.

కడగాలా, వద్దా?

కడిగితే పూర్తిగా కడగండి, లేకపోతే ముట్టుకోకండి. సగం కడగడం అన్నిటికంటే చెడ్డది. బ్రష్షుతో రెండు సార్లు రుద్ది వదిలేస్తే పైన రోజిన్ కరిగిపోతుంది, అది కప్పి ఉంచిన ఆమ్లం బయటపడి పల్చగా బోర్డంతా పరుచుకుంటుంది. ఆరాక కనిపించే తెల్లటి పొర అదే.

99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తీసుకోండి. సీసా మూత తెరిచి ఉంచితే మన గాలిలో నీరు లాగేస్తుంది, కాబట్టి చిన్న సీసాలోకి పోసుకుని వాడండి. రుద్దాక బోర్డును ఏటవాలుగా పెట్టి తాజా ఐపీఏతో పైనుంచి కిందికి కడిగేయాలి. మురికి కిందికి కారిపోవాలి, ఆరిపోకూడదు. శానిటైజర్ వాడేవాళ్లున్నారు. అందులో గ్లిసరిన్ ఉంటుంది, అది ఆరదు, పైగా తేమను పిలుస్తుంది. పెయింటు థిన్నర్ ప్లాస్టిక్ భాగాలను తినేస్తుంది.

కడగకుండా పైన కోటింగ్ కొట్టేస్తే?

కోటింగ్ నీటి బొట్టును ఆపుతుంది, ఆవిరిని పూర్తిగా ఆపదు. సిలికాన్ అయితే ఆవిరిని బాగానే పోనిస్తుంది. కింద ఆమ్లమో ఉప్పో ఉంటే ఆవిరి అక్కడికే చేరి, పొర బుడగలా లేస్తుంది. కోటింగ్ వేస్తే ముందు కడగాలి, వేడిగాలిలో ఆరబెట్టాలి, తర్వాతే స్ప్రే.

ఛాంబర్ కొనే స్తోమత లేదు. షాపులోనే ఏదైనా చూడొచ్చా?

సర్టిఫికెట్‌కు పనికిరాదు గానీ, రెండు ఫ్లక్స్‌లలో ఏది మేలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. బోర్డు డిజైన్ చేయించేటప్పుడే మూలన 0.5 మి.మీ. ఎడంతో ఒక దువ్వెన గీయించండి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున ఒక గిన్నెలో పొటాషియం క్లోరైడ్‌ను నీటిలో ముద్దగా కలిపి పెట్టండి. పైన కొంత ఉప్పు కరగకుండా మిగలాలి. డబ్బా లోపల తేమ దానంతట అది 84 శాతం దగ్గర నిలబడుతుంది. లేబొరేటరీ రకమే వాడాలి. ఎరువుల కొట్టు పొటాష్‌లో వేరే లవణాలుంటాయి, తేమ ఎక్కడ నిలుస్తుందో చెప్పలేం. మామూలు శుద్ధమైన ఉప్పుతో అయితే 75 శాతం వస్తుంది.

దువ్వెనకు 12 వోల్టుల బ్యాటరీ, దానితో వరుసలో 1 మెగాఓమ్ రెసిస్టర్ కలపండి. మల్టీమీటర్‌తో ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడండి. మీ మీటర్ లోపలి నిరోధం 10 మెగాఓమ్‌లైతే, దువ్వెన నిరోధం 100 మెగాఓమ్‌లు ఉన్నప్పుడు సుమారు 0.11 వోల్టు చూపిస్తుంది. అంతకంటే పెరిగిందంటే ఇన్సులేషన్ పడిపోతోందన్నమాట. రెసిస్టర్ ఉండటం వల్ల డెండ్రైట్ తాకినా కాలిపోదు, తర్వాత లూప్‌తో చూసుకోవచ్చు. ఒక దువ్వెన ఖాళీగా, ఒకటి సరిగా వేడిచేసిన ఫ్లక్స్‌తో, ఒకటి పచ్చి ఫ్లక్స్‌తో పెట్టి వారం చూడండి. ఆ మూడో దాని రీడింగ్ చూశాక పచ్చి ఫ్లక్స్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

వారం పరీక్షను బట్టి బోర్డు ఎన్నేళ్లు పనిచేస్తుందో లెక్కకట్టొచ్చా?

కట్టలేం. తేమ, వేడి కలిపి ఆయుష్షు అంచనా వేసే పెక్ సూత్రం ఒకటి ఉంది, 1986 నాటిది. అది చిప్ ప్యాకేజీల లోపలి తుప్పు కోసం పుట్టింది. ఫ్లక్స్ మరకలో ఆమ్లం ఒక గీత దాటేదాకా పొడిగా ఉండి, దాటగానే ఒక్కసారిగా తడుస్తుంది. పైగా వేడి పెంచితే ఆమ్లమే మాయమవుతుంది. ఇలాంటి చోట నునుపైన సూత్రం పెట్టి పదేళ్ల గ్యారంటీ రాయడం మోసమే.

వరదలో మునిగిన ప్యానెల్ బోర్డు వస్తే?

లంకల్లో గోదావరి పొంగిన ప్రతిసారీ వస్తాయి. అప్పుడిక ఫ్లక్స్ గురించి ఆలోచించకండి. బ్యాటరీ తీసి, మంచినీళ్లతో బురద వదలగొట్టి, డిస్టిల్డ్ వాటర్‌తో, ఆపైన ఐపీఏతో కడిగి, నిదానంగా ఆరబెట్టండి. రిలేల లోపలికి నీరు పోతే వాటిని మార్చడమే.

ఫ్లక్స్ అమ్మేవాళ్లను ఏం అడగాలి?

ఎస్‌ఐఆర్ నివేదిక మొత్తం అడగండి, ముందు పేజీ ఒక్కటే కాదు. ఉష్ణోగ్రత, తేమ ఎంత, రీడింగులు ఎంత తరచుగా తీశారు, వారం గ్రాఫ్ ఉందా, బోర్డును వేడి చేశాక పెట్టారా పచ్చిగానా, కడిగారా. చేతి టంకానికి వాడబోతున్నారని చెప్పి, వేడి తగలని ఫ్లక్స్ ఫలితం విడిగా ఉందా అని అడగండి. మంచి తయారీదారులు దాన్ని కూడా పరీక్షించి పెట్టుకుంటారు. 85/85 ఒక్కటే చూపించి "ఇదే అన్నిటికంటే కఠినమండీ" అంటే ఆ డబ్బా అక్కడే పెట్టి వచ్చేయండి.